సీతారామరాజు బక్కచిక్కిన రాత్రి!

కృష్ణ గారి 'అల్లూరి సీతారామరాజు' 1974లో విడుదలైంది. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం అదే. ఛాయాగ్రహణం వి.ఎస్.ఆర్. స్వామి. పట్నాలన్నీ తిరిగి తిరిగి ఆ ప్రింటు మా పెద్ద కొడప్‌గల్ వైపు డేరా టాకీసుకు చేరేసరికి నేనింకా నిక్కర్ల వయసులోనే ఉన్నాను. బీడీలు చుట్టిన పైసలు కొంగున కట్టుకుని మా నాయినమ్మ నన్ను తీసుకెళ్ళింది.

తెర వెలిగింది. తీరా చూస్తే ఏముంది? మనుషులంతా చెరుకు గడల్లా సన్నగా, పొడుగ్గా ఉన్నారు!

"అయ్యో, అడవిల తిండి లేక పోరడు ఎట్ల బక్కగైండో సూడు బిడ్డా" అని నాయినమ్మ కళ్ళొత్తుకుంది. వెనకనుంచి ఒకటే ఈలలు. "పైసలు వాపసియ్యి" అని కేకలు!

బొమ్మ ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. ఈసారి హీరో నిండుగా ఉన్నాడు. తెర ఈ చివరనుంచి ఆ చివరదాకా అడవే అడవి! "ఇగో, తిన్నట్టున్నడు" అని నాయినమ్మ ఊపిరి పీల్చుకుంది.

మర్నాడు ఆపరేటర్‌ను పట్టుకున్నాను. "స్కోప్ లెన్సు పెట్టుడు మర్చిన తమ్మీ" అంటూ తెగిన ఫిలిం ముక్క ఒకటి చేతిలో పెట్టాడు. అందులోనూ అందరూ బక్కవాళ్ళే!

కిటుకంతా లెన్సు ఆకారంలోనే ఉంది. గాలిలోంచి గాజులోకి ఏటవాలుగా దూరే వెలుగు వంగుతుంది. ఎటు, ఎంత వంగాలో గాజు వంపే చెబుతుంది. మామూలు లెన్సుకు బంతిలా అన్నివైపులా ఒకటే వంపు. కాబట్టి బొమ్మ నిలువూ అడ్డమూ సమానంగా పెరుగుతుంది. స్కోప్ లెన్సులోని గాజు స్తంభాన్ని చెక్కినట్టు ఉంటుంది. అడ్డంగానే వంపు, నిలువునా సాపు. అందుకే షూటింగులో అది రెట్టింపు వెడల్పు దృశ్యాన్ని 35 ఎం.ఎం. ఫిలింలోకి పక్కలనుంచి నొక్కేస్తుంది. హాల్లో ప్రొజెక్టర్ ముందుండే లెన్సు మళ్ళీ రెట్టింపు సాగదీస్తుంది. అది పెట్టకపోతే మా ఊరి కథే! ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు హెన్రీ క్రెటియెన్ 1920లలో కనిపెట్టిన ఈ పద్ధతితోనే 1953లో హాలీవుడ్ 'ది రోబ్' తీసింది.

నమ్మకం కుదరలేదా? గుండ్రటి గాజు గ్లాసునిండా నీళ్ళు పోసి, వెనకాల ఆనించి మీ అభిమాన హీరో ఫొటో పెట్టండి. లావెక్కుతాడు, పొడుగు మాత్రం పెరగడు. ఫొటోను మెల్లగా వెనక్కి జరపండి. కుడి ఎడమలు తారుమారవుతాయి!

ఇప్పుడు హాళ్ళలో డిజిటల్ ప్రొజెక్టర్లు వచ్చేశాయి. ఫిలిమూ లేదు, లెన్సు మరిచిపోయే ఆపరేటరూ లేడు. నాయినమ్మా లేదు. పెద్దయ్యాక ఒకసారి ఈ సంగతంతా ఆమెకు విడమరిచి చెప్పాను. ఊ కొట్టింది గానీ నమ్మలేదు.

"గాజు ముక్కకేమెర్క బిడ్డా, ఆకలి!" అంది.