పదకొండు సిక్సర్ల హీరో మనవాడే!

సినిమాలో హీరో ఎంట్రీ ఎప్పుడుంటుంది? అవతలివాళ్ళు అందర్నీ చితకబాదేసి, ఇక మనపని అయిపోయిందనుకున్నప్పుడు! సరిగ్గా అలాంటి ఎంట్రీ ఒకటి 1926 డిసెంబర్ 1న బొంబాయి జింఖానా మైదానంలో జరిగింది. దానికి కథ రాసినవాడు లేడు, 'యాక్షన్' అని అరిచినవాడూ లేడు.

ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో ఇంగ్లండు నుంచి ఎం.సి.సి. జట్టు వచ్చింది. హిందూ జట్టుతో మ్యాచ్. దొరలు 363 పరుగులు చేసేశారు. అందులో గై ఎర్ల్ ఒక్కడివే 130, ఎనిమిది సిక్సర్లతో!

అప్పుడు దిగాడండీ మన పొడగరి! రెండు గంటలు నిండకుండానే 153 పరుగులు. పదమూడు ఫోర్లు, పదకొండు సిక్సర్లు. లెక్కేసుకోండి, 118 పరుగులు బౌండరీ దాటినవే! కబురు ఊరంతా పాకిందట. చెట్లెక్కినవాళ్ళు చెట్లు, మేడలెక్కినవాళ్ళు మేడలు. మ్యాచ్ డ్రా అయితే అయింది, ఎం.సి.సి. వారే ఆయనకి వెండిబ్యాటు బహూకరించారు.

ఆయన ఎవరనుకున్నారు? కొఠారి కనకయ్య నాయుడు. అదే, సి.కె. నాయుడు! 1895లో నాగపూర్లో పుట్టిన తెలుగువాడు. సంస్థానాధీశులు ఆటగాళ్ళను పోషించే రోజులవి. హోల్కర్ మహారాజు ఆయన్ని పిలిచి, తన సైన్యంలో హోదా ఇచ్చి మరీ ఆడించుకున్నాడు.

తమాషా చూడండి. అదే ఏడాది అక్టోబర్ 6న అమెరికాలో బేబ్ రూత్ వరల్డ్ సిరీస్ బేస్‌బాల్ ఆటలో మూడు హోమ్ రన్లు కొట్టాడు. అమెరికావాళ్ళు ఊరుకున్నారా? 'ప్రైడ్ ఆఫ్ ది యాంకీస్' (1942)లో ఆయన చేత ఆయన వేషమే వేయించారు. 1948లో ఆయన జీవితాన్నే సినిమా తీశారు. మరి మన నాయుడుగారో? ఆయన కథని తెలుగు తెరమీద నేనింతవరకూ చూళ్ళేదు!

కథకేం కొదవ? జింఖానాలో ఆ ఆట చూసిన గిల్లిగనే మనవాళ్ళని బోర్డు పెట్టుకోమని ప్రోత్సహించాడు. 1928లో బోర్డు వచ్చింది. 1932 జూన్ 25న లార్డ్స్‌లో మన మొదటి టెస్టు. పర్యటనకి కెప్టెన్ పోర్‌బందర్ మహారాజు. ఆయన పక్కకి తప్పుకుంటే ఆ టెస్టులో నాయుడుగారు నాయకుడయ్యారు. ఫీల్డింగులో చేతికి దెబ్బ తగిలినా, మొదటి ఇన్నింగ్స్‌లో మనవైపు ఎక్కువ పరుగులు ఆయనవే, 40. కాని అప్పటికే ఆయన వయసు 36! మంచి వయసంతా దేశానికి టెస్టులు లేకుండానే గడిచిపోయింది.

ఇంటర్వెల్ తర్వాత అసలు మలుపు. 1936లో కెప్టెన్సీ విజయనగరం మహారాజకుమార్‌కి వెళ్ళింది. మూడు టెస్టుల్లో కలిపి కెప్టెన్‌గారి పరుగులు 33. ఆయన కింద మామూలు ఆటగాడిగా ఆడిన నాయుడుగారు, ఓవల్‌లో ఆలెన్ వేసిన బంతి ఒంటికి గట్టిగా తగిలినా క్రీజు వదల్లేదు. 81 కొట్టారు. టెస్టుల్లో ఆయన అత్యధిక స్కోరు అదే. కిరీటం పోయినా బ్యాటు పోలేదు!

మా రాజయ్యపేట ఇసకలో ఆడే కుర్రాళ్ళని అడిగాను. 2005లో విశాఖలో ధోనీ కొట్టిన 148 గురించి బంతిబంతికీ చెప్పారు. "మరి సి.కె. నాయుడు?" అంటే మొహమొహాలు చూసుకున్నారు. "ఎవరు బాబాయ్, రాజకీయాలా?" అన్నాడొకడు. తప్పు వాళ్ళది కాదు. తెరమీద చూపించినవాణ్ణే కదా కుర్రకారు గుర్తుపెట్టుకునేది!

ఆయన మనకి అంత దూరపువాడూ కాదు. 1953-54లో ఆంధ్ర జట్టు తొలిసారి రంజీలో దిగినప్పుడు కెప్టెన్ ఆయనే, 58 ఏళ్ళ వయసులో. 1956లో పద్మభూషణ్ వచ్చింది. 61 దాటాక కూడా రంజీ ఆడారు. 1967లో ఇండోర్లో కన్నుమూశారు.

దర్శకులూ, వింటున్నారా? ఫైట్లు కావాలంటే పదకొండు సిక్సర్లున్నాయి. సెంటిమెంటు కావాలంటే 1936 ఉంది. ఇక పాఠకులారా, ఆరడుగుల ఎత్తూ, ఆ దర్జా ఉన్న హీరో మనకెవరున్నారంటారు? ఆ వేషం ఎవరికిద్దాం?