తెప్పకు లేని జబ్బు: ఫైబర్ బోటులో నీటి కారుదలను కనిపెట్టడం, బాగుచేయడం

పూరీ తీరాన పెంటకటాలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు మత్స్యకారుల పాత వాహనం తెప్ప. దుంగలను తాళ్లతో బిగించి కట్టిన తెప్పకు లోపలి భాగమంటూ ఉండదు. ఒక పక్క ఎక్కిన అల దుంగల సందుల్లోంచి మరో పక్కకు జారిపోతుంది. తాడు తెగితే తెప్ప విడిపోవచ్చు గాని, నీరు నిండి మునిగిపోతుందన్న భయం దానికి లేదు. నేడు అదే ఇసుకపై వరుసగా కనిపించే ఫైబర్ బోట్ల స్థితి వేరు. అవి డొల్లగా ఉన్నందువల్లనే తేలుతాయి. ఆ డొల్లలోకి నీరు చేరిన కొద్దీ తేలే శక్తి తరిగిపోతుంది.

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బంగాళాఖాత కార్యక్రమం, తీరపు అలలను దాటి ఇసుకపైకి ఎక్కగల మోటారు బోట్ల నమూనాలను 1980 దశకంలో రూపొందించి పరీక్షించింది. 2004 సునామీ అనంతరం తమిళనాడు తీరంలో ఫైబర్ బోట్ల సంఖ్య బాగా పెరిగింది. రేవు లేని చోట ఇటువంటి బోటును ప్రతి వేటకూ ఇసుకపై ఈడ్చక తప్పదు. ఇసుక గరుకు కాగితం వలె పనిచేసి అడుగును కొద్దికొద్దిగా అరగదీస్తుంది. కాబట్టి తీరపు బోటులో కారుదల అరుదైన ప్రమాదం కాదు; ముందుగానే ఎదురుచూడవలసిన అరుగుదల.

కొద్దిపాటి నీటి బరువు

ఒక లీటరు సముద్రపు నీరు ఒక కిలోకు కొంచెం ఎక్కువే తూగుతుంది. నిమిషానికి ఒక లీటరు చొప్పున కారే బోటులో, తోడకపోతే, ఎనిమిది గంటల్లో 480 లీటర్లు చేరతాయి. అంటే ఏడెనిమిది మంది మనుషుల బరువు అదనంగా ఎక్కినట్లే. నీటిమట్టానికి 30 సెంటీమీటర్ల దిగువన ఒక సెంటీమీటరు అడ్డుకొలత గల రంధ్రం పడితే నిమిషానికి సుమారు ఏడు లీటర్లు లోపలికి వస్తాయి. పైగా ఈ బరువు వలల మూట వలె ఒకచోట కదలక ఉండదు. బోటు ఒరిగిన వైపుకే నీరంతా పరుగెత్తి, ఆ ఒరుగుదలను మరింత పెంచుతుంది. చాలినంత నీరు పడితే, పూర్తిగా నిండకముందే బోటు తిరగబడడానికి కారణం ఇదే.

అయితే కాళ్ల కింద కనిపించే నీటికంటే కనిపించని నీరు ప్రమాదకరం. ఫైబర్ బోటు ముందుభాగంలో, వెనుకభాగంలో, పక్కల వెంబడి మూసివేసిన గదులు ఉంటాయి. వాటిలో గాలి గాని, థర్మోకోల్ గాని, గట్టి నురగ గాని నింపుతారు. బోటు నీటితో నిండినా, తిరగబడినా దానిని తేల్చి ఉంచవలసినవి ఈ తేలుడు గదులే. వీటిలోకి దారి చేసుకున్న నీటిని చేదతో తోడలేరు. ఏళ్ల తరబడి తడిసిన నురగ నీటిని పీల్చి బరువెక్కుతుంది. అటువంటి బోటు మామూలు రోజుల్లో బాగానే తేలుతుంది. ఆపద నాడు మాత్రం ఆదుకోదు.

నీరు ఎక్కడిది?

బోటులో కనిపించిన నీరంతా అడుగునుంచే వచ్చిందనుకోవడం పొరపాటు. వాన నీరు, కరిగిన మంచు, తుళ్లిపడిన అల, ఇంజను చల్లబరచే నీరు కూడా అడుగుకే చేరతాయి. ఒక చుక్కను గాజు ముక్కపై ఎండనివ్వాలి. తెల్లని ఉప్పు పొర మిగిలితే అది సముద్రపు నీరు; మిగలకపోతే వానదో మంచుదో అయి ఉంటుంది. నీటిపై నూనె రంగులు తేలితే ఇంజను వైపు చూడాలి.

తరువాత వేళను గమనించాలి. లంగరు వేసి కదలకుండా ఉన్నప్పుడు కూడా నీరు పెరిగితే, రంధ్రం నీటిమట్టానికి దిగువన ఉన్నట్టు. మోటారు నడిచేటప్పుడే పెరిగితే, మోటారు బిగించిన వెనుక పలక బోల్టులనో, లోపలి ఇంజను గల బోటైతే ఇరుసు బయటికి వెళ్లే గొట్టాన్నో అనుమానించాలి. చేపలు నిండిన తరువాతే వస్తే, ఖాళీ బోటుకు నీటిపైన ఉండి, బరువుకు నీటిలోకి దిగే అతుకును వెదకాలి. అలలను ఢీకొన్నప్పుడు మాత్రమే వస్తే, ఒత్తిడికి తెరుచుకొని మళ్లీ మూసుకొనే పగులు ఉండవచ్చు.

నీరు కనిపించిన చోటు, అది ప్రవేశించిన చోటు ఒకటి కాకపోవచ్చు. ముందుకొన వద్ద ప్రవేశించిన నీరు అడుగు పలక కిందుగా పాకి వెనుక తేలుతుంది. అందువల్ల లోపల తడిగా ఉన్న చోటనే ముద్ద పూయడం వృథా శ్రమ.

ఒడ్డున చేసే పరీక్షలు

బోటును ఒడ్డుకు లాగి, దిమ్మెలపై నిలబెట్టి, మంచినీటితో కడిగి ఆరబెట్టాలి. వెలుపల అడుగుభాగానికి సుద్దపొడి పూయాలి. ఆపై లోపల ఒక్కొక్క అరలో కొద్దిగా నీరు పోసి వేచి ఉండాలి. నీరు బయటికి వచ్చే చోట సుద్ద తడిసి నల్లబడుతుంది. లోపలి నీటిలో కొంచెం రంగు కలిపితే జాడ మరింత స్పష్టమవుతుంది. అయితే బోటును నిండుగా నింపకూడదు. మీటరున్నర వెడల్పు, నాలుగు మీటర్ల పొడవు గల అడుగుపై పది సెంటీమీటర్ల నీరు నిలిపితేనే 600 కిలోల బరువు అవుతుంది. నీటిపై సమంగా ఆనవలసిన అడుగు దిమ్మెలపై ఆ బరువును మోయలేక పగిలే అవకాశం ఉంది. నాలుగు వేళ్ల లోతు చాలు.

తేలుడు గదికి బిరడా ఉంటే ప్రతి వేట తరువాత దానిని తెరిచి చూడాలి. కారిన ప్రతి చుక్కకూ కారణం వెదకాలి. గది ఖాళీదైతే, బిరడా రంధ్రంలో గొట్టం పెట్టి నోటితో మెల్లగా ఊదుతూ అతుకులపై సబ్బునీరు రాయవచ్చు. గాలి పోయే చోట బుడగలు లేస్తాయి. కంప్రెసర్ గాలిని ఎన్నడూ వాడకూడదు. గది అతుకులు విడిపోతాయి, మనుషులకు గాయాలూ కావచ్చు.

బిరడా లేని గదుల విషయంలో బోటు బరువే సాక్ష్యం. కొత్త బోటు ఖాళీగా తేలినప్పుడు నీటిమట్టం వద్ద రంగుతో గీత గీసి ఉంచితే, తరువాతి సంవత్సరాల్లో ఆ గీత ఎంత మునిగిందో తెలుస్తుంది. నిరుడు పదిమంది తోస్తే కదిలిన బోటుకు అదే ఇసుకపై, అదే సామానుతో ఈ ఏడు పద్నాలుగు మంది కావలసి వస్తే, లోపల నీరు దాగి ఉందని అనుమానించడం న్యాయం. చెక్క సుత్తితో పక్కలను మెల్లగా తట్టి చూడడం కూడా మేలు. గట్టి ఫైబర్ కంగుమంటుంది; పొరలు విడిపోయిన చోట, తడి చేరిన చోట మొద్దు శబ్దం వస్తుంది. పైపూతలో బొబ్బలు లేచి, చిదిపితే పుల్లని వాసన గల ద్రవం కారితే, నీరు పొరల లోపలికి పాకిందని గ్రహించాలి.

మొదట చూడవలసిన చోట్లు ఇవి: ఇసుకను రాసుకొనే అడుగు వెన్నుపట్టె, దానికి రక్షణగా బిగించిన కర్ర లేదా ఇనుప పట్టీ మేకులు, నీరు వదిలే బిరడా, మోటారు బోల్టులు, అడుగుకూ పై పలకకూ నడుమ అతుకు, లంగరు తాడు ఒరిసే అంచు.

ఫైబర్ మరమ్మతు

పగులుపై తారు గాని, సిమెంటు గాని పూసి రంగు వేస్తే పగులు కనిపించదు. నీరు మాత్రం ఆగదు. సరైన మరమ్మతు ఎప్పుడూ పగులును ముందు పెద్దది చేయడంతోనే మొదలవుతుంది. విడిపోయిన, తడిసిన పొరలన్నిటినీ గట్టి ఫైబర్ తగిలే వరకు అరగదీయాలి. అంచును నిలువుగా వదలక వాలుగా చెక్కాలి. మందానికి పన్నెండింతల వెడల్పు మంచి కొలత: అయిదు మిల్లీమీటర్ల మందానికి చుట్టూ ఆరు సెంటీమీటర్ల వాలు. తరువాత మంచినీటితో ఉప్పు పోయేలా కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అసిటోన్‌తో తుడవాలి. తడిసిన అంచుకు రెజిన్ పట్టదు. తొందరపడి చేసిన అతుకులు ఊడిపోవడానికి ముఖ్యమైన కారణం ఇదే.

పాలియెస్టర్ రెజిన్ పూసి, దానిపై గాజు నార పొరలను ఒకదానిపై ఒకటి పరచి, ప్రతి పొరలోని బుడగలను రోలరుతో వెళ్లగొట్టాలి. సాధారణంగా కిలో రెజిన్‌కు పది నుంచి ఇరవై గ్రాముల హార్డెనర్ సరిపోతుంది. డబ్బాపై ముద్రించిన కొలతే ప్రమాణం. మిట్టమధ్యాహ్నపు ఎండలో రెజిన్ పని ముగియకముందే గడ్డకడుతుంది. వాన తేమలో సరిగా గట్టిపడదు. ఉదయపు నీడపట్టు అనుకూలం. చివర జెల్‌కోటు పూయకపోతే గాజు నార మళ్లీ నీటిని పీలుస్తుంది.

ఈ పనిలో ప్రాణాపాయం కలిగించే పొరపాటు ఒకటి ఉంది. కోబాల్ట్ యాక్సిలరేటర్‌ను, హార్డెనర్‌ను ఎన్నడూ నేరుగా ఒకదానితో ఒకటి కలపకూడదు. అలా కలిపితే మంట లేచి పేలవచ్చు. యాక్సిలరేటర్‌ను ముందుగా రెజిన్‌లో పూర్తిగా కలిపి, ఆ తరువాతే హార్డెనర్ చేర్చాలి. హార్డెనర్ చుక్క కంటిలో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. వెంటనే ధారగా నీటితో కడుగుతూ వైద్యుని వద్దకు వెళ్లాలి. కళ్లద్దాలు, చేతి తొడుగులు, గాజు ధూళి నుంచి కాపాడే ముసుగు తప్పనిసరి. పని చోట బీడీ ముట్టించరాదు.

తేలుడు గదిలో థర్మోకోల్ ఉంటే మరొక జాగ్రత్త అవసరం. పాలియెస్టర్ రెజిన్ గాని, పెట్రోలు గాని తగిలితే థర్మోకోల్ కరిగిపోతుంది. పైన చక్కని అతుకు వేసి, లోపల తేల్చే సరుకునే కరిగించుకోవడం ఇలా జరుగుతుంది. రెజిన్ తగలకుండా అడ్డు పొర వేయాలి, లేదా ఎపాక్సీ వాడాలి. నీరు పీల్చిన నురగను మాత్రం ఆరబెట్టి మళ్లీ పెట్టడం కంటే తీసివేసి కొత్తది నింపడమే క్షేమం.

చెక్క నావ గలవారికి

నదీముఖాల్లో, సరస్సుల్లో ఇంకా వాడుకలో ఉన్న చెక్క నావల ధర్మం వేరు. ఎండలో ఎండిన చెక్క కుంచించుకొని సందులు తెరుచుకుంటాయి. నీటిలో దిగిన మొదటి ఒకటి రెండు రోజులు కారి, చెక్క ఉబ్బగానే ఆ సందులు మూసుకుంటాయి. దీనిని చూసి బెదరి, ఎండిన సందుల్లో నారను అతిగా దట్టించకూడదు. చెక్క ఉబ్బినప్పుడు ఆ ఒత్తిడికి పలకలే మేకుల నుంచి లేచిపోతాయి. రెండు మూడు రోజుల తరువాతా కారే సందుల్లోనే పాత నారను తీసి, కొత్త నార కూర్చి, నూనెతో కాచిన గుగ్గిలం పూయాలి.

నడిసముద్రంలో కారితే

ముందుగా అందరూ లైఫ్ జాకెట్లు ధరించాలి. ఒకరు తోడుతుండగా మరొకరు రంధ్రాన్ని వెదకాలి. వేగం తగ్గించి, మనుషులనూ సామానునూ రెండవ వైపుకు జరిపితే ఒక్కోసారి రంధ్రం నీటిపైకి లేస్తుంది. గ్రీజు పట్టించిన గుడ్డను రంధ్రంలో కుక్కి, పైన రబ్బరు ముక్క, పలక పెట్టి అదిమి కట్టాలి. తడిలోనూ అంటుకొనే ఎపాక్సీ ముద్ద, రెండు మూడు కొలతల కర్ర చీలలు, ఒక రబ్బరు ముక్క ప్రతి బోటులోనూ ఉండాలి. ఇది ఒడ్డు చేరే వరకే. మర్నాటి వేటకు కాదు. నీరు తోడే వేగాన్ని మించితే ఆలస్యం చేయక, సిగ్నల్ అందే చోట 1554 నంబరుకు ఫోన్ చేసి తీర రక్షక దళానికి తెలపాలి.

ఎప్పుడు చేయాలి?

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం వర్తించే బోట్లకు ఆ కాలమే మరమ్మతుకు తగినది. ఎండలు కాస్తాయి, బోటు ఆరడానికి గడువు దొరుకుతుంది. మొదటి వారంలోనే సుద్ద పరీక్ష ముగిస్తే ఆరబెట్టడానికి వారాలు మిగులుతాయి. నిషేధం ముగిసే ముందు రోజు మొదలుపెట్టిన పని తడిపైన అతుకుగానే ముగుస్తుంది.

బోటు కొనేటప్పుడు, ముఖ్యంగా చేతులు మారిన బోటు కొనేటప్పుడు, కొత్త రంగును చూసి మురియక తేలుడు గది బిరడాను తెరిపించి చూడాలి. పాత తెప్ప తన తేలే గుణాన్ని దుంగలోనే దాచుకొంది. ఫైబర్ బోటులో ఆ గుణం మూసిన గదుల్లో ఉంది. ఆ గదులను పొడిగా ఉంచే బాధ్యత మాత్రం బోటు యజమానిదే.