కళ్ళు పక్కకు తిరగని బిడ్డ: వెన్నెముకను కూడా చూడండి



ఈసారి చాలా అరుదైన ఒక జబ్బు గురించి చెప్పుకుందాం. అరుదైనదైతే మనకెందుకు అంటారా? ఇది వంశపారంపర్యంగా వచ్చేది. మేనరికాలు ఉన్న మన ప్రాంతంలో తెలుసుకోవలసినది. ముందుగా గుర్తిస్తే బిడ్డ వెన్నెముకకు సకాలంలో వైద్యం చేయించవచ్చు.

ఎలా ఉంటుంది?

ఈ జబ్బుతో పుట్టిన బిడ్డ కళ్ళు కుడికీ ఎడమకూ తిరగవు. పైకీ కిందికీ మాత్రం కదులుతాయి. పక్కనున్నది చూడాలంటే బిడ్డ తల మొత్తం తిప్పాలి. తెలివి సాధారణంగా బాగానే ఉంటుంది. అందుకే పెద్దలు "అలవాటులే" అనుకుంటారు. తరువాత చిన్నతనంలోనే వెన్నెముక పక్కకు వంగడం మొదలై, ఎదిగేకొద్దీ వంకర పెరుగుతుంది.

ఎందుకు వస్తుంది?

మెదడు ఎడమభాగం కుడిచేతిని నడిపిస్తుందని మీరు వినే ఉంటారు. నరాల దారులు మెదడు అడుగుభాగంలో ఒక పక్క నుంచి రెండో పక్కకు దాటడమే దీనికి కారణం. బిడ్డ గర్భంలో ఉన్నప్పుడు ఈ దారులు సరిగా దాటడానికి రోబో3 అనే జన్యువు అవసరం. అది పనిచేయకపోతే అవి దాటవు. ఈ సంగతిని జోవానా జెన్, ఆమె తోటి శాస్త్రవేత్తలు 2004లో తెలియజేశారు. ఎమ్మారై తీస్తే మెదడు అడుగుభాగం మధ్యలో చీలినట్టు కనబడుతుంది.

గ్రహణం వల్లనో, తల్లి తిన్న తిండి వల్లనో, ఎవరి శాపం వల్లనో ఇది రాదు. తల్లీ తండ్రీ ఇద్దరూ లోపమున్న జన్యువును ఒక్కొక్కటి మోస్తూ ఆరోగ్యంగానే ఉంటారు. ఆ రెండూ బిడ్డకు చేరితేనే జబ్బు. అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ ఈ ప్రమాదం నాలుగింట ఒక వంతు. దగ్గర బంధువుల మధ్య పెళ్ళిళ్ళలో ఇద్దరిలోనూ ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ.

మనం ఏం చేయాలి?

బిడ్డ తల కదపకుండా మీ వేలును కళ్ళతో రెండు పక్కలకూ అనుసరించగలదేమో చూడండి. చొక్కా తీసి, మోకాళ్ళు వంచకుండా ముందుకు వంగమనండి. వీపు ఒక పక్క ఎత్తుగా ఉన్నా, భుజాలు ఎగుడుదిగుడుగా ఉన్నా డాక్టరుకు చూపించండి.

కళ్ళజోడుతో గానీ వ్యాయామంతో గానీ ఈ కంటి కదలిక రాదు. వెన్నెముకను మాత్రం ఎముకల డాక్టరు క్రమంగా పరీక్షిస్తూ ఉండాలి. కొందరికి బెల్టు వాడి చూస్తారు, చాలామందికి ఆపరేషన్ అవసరమవుతుంది. ఆపరేషన్ చేసే డాక్టరుకు ఈ జబ్బు సంగతి ముందే చెప్పండి. నరాల దారులు దాటలేదని తెలిస్తే ఆపరేషన్ సమయంలో నరాల పరీక్షను వారు సరిగా అర్థం చేసుకోగలరు.

బడిలో బిడ్డను నల్లబల్లకు ఎదురుగా, మధ్య వరుసలో కూర్చోబెట్టమని టీచరును అడగండి. మన మన్ననూరు మీదుగా శ్రీశైలం వెళ్ళే వాహనాలు తిరుగుతుంటాయి. రోడ్డు దాటే ముందు తల పూర్తిగా రెండు పక్కలకూ తిప్పి చూడటం బిడ్డకు నేర్పండి.

ఇంట్లో ఒకరికి ఈ జబ్బు ఉంటే, మరో కాన్పుకు ముందు, బంధువుల్లో సంబంధం ఖాయం చేసుకునే ముందు, జన్యు వైద్యుల సలహా తీసుకోండి. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో ఇందుకు ప్రత్యేక విభాగం ఉంది.