అట్టమీది రెండక్షరములు

పుస్తకమును చేతికి తీసికొనగానే మన చూపు ముందుగా బొమ్మమీదికిని, పిమ్మట పేరుమీదికిని పోవును. అట్ట మూలనున్న ప్రచురణకర్తల ముద్రను శ్రద్ధగా చూచువారు అరుదు. అయినను ఆ ముద్ర తన పని తాను చేయుచునే యుండును. “ఇది ఫలానావారి సరుకు, దీనికి మాది పూచీ” అని అది మౌనముగా చెప్పును. ప్రసారము ఆరంభమగునపుడు వినవచ్చు సంకేత సంగీతము చెవికి చేయు ఉపకారమునే ముద్ర కంటికి చేయును. మేము పేరు చెప్పకమునుపే ఆ సంగీతమును విని మీరు కేంద్రమును పోల్చుకొందురు గదా!

అమెరికాలో బొమ్మల కథలను ప్రచురించు డి.సి. కామిక్స్ సంస్థవారి ముద్ర 1940 మొదలు అనేక రూపములు దాల్చినది. ఆ మార్పుల చరిత్ర కేవలము వినోదము కాదు. ముద్ర ఎవరి పేరును చాటును, ఎవరి పేరును మరుగుపరచును అను ప్రశ్న అందు ఇమిడియున్నది.

ఈ సంస్థకు మూలపురుషుడు మేజర్ మాల్కమ్ వీలర్ నికల్సన్. ఆయన 1934లో నేషనల్ అలైడ్ పబ్లికేషన్స్ అను పేర దీనిని నెలకొల్పెను. 1937లో ‘డిటెక్టివ్ కామిక్స్’ అను పత్రిక వెలువడెను. డిటెక్టివు అనగా మనవారు అపరాధ పరిశోధకుడని పిలుచుకొను పాత్రయే. ఆ పత్రిక పేరులోని మొదటి అక్షరములే డి, సి అనునవి. 1938లో ‘ఏక్షన్ కామిక్స్’ మొదటి సంచికలో సూపర్‌మాన్ అవతరించెను. మరుసటి సంవత్సరము ‘డిటెక్టివ్ కామిక్స్’లో బాట్‌మాన్ కనిపించెను. ఇట్లు పత్రికలు పెరిగినకొలది అన్నియు ఒకే ఇంటివని తెలుపు గుర్తు కావలసివచ్చెను. 1940లో చిన్న వృత్తమున ‘ఏ డి.సి. పబ్లికేషన్’ అను మాటలు అట్టలపైకెక్కెను.

ఇచ్చట ఒక చిత్రము కలదు. సంస్థ పేరు చట్టరీత్యా అనేక పర్యాయములు మారినది. 1946లో నేషనల్ కామిక్స్ పబ్లికేషన్స్ అనియు, 1961లో నేషనల్ పీరియాడికల్ పబ్లికేషన్స్ అనియు వ్యవహరింపబడెను. కాని పాఠకులు ఆ పొడుగు పేర్లను పట్టించుకొనలేదు. అట్టమీద చూచిన రెండక్షరములతోనే పిలిచిరి. తుదకు 1977లో సంస్థయే పాఠకుల వాడుకకు లోబడి డి.సి. కామిక్స్ అను పేరును స్వీకరించెను. సాధారణముగా పేరునుండి గుర్తు పుట్టును. ఇచ్చట గుర్తునుండి పేరు పుట్టినది. విప్పి చదివినచో అది ‘డిటెక్టివ్ కామిక్స్ కామిక్స్’ అగును. మన ఊళ్లలో ‘నడిసెంటరు’ అనువారు ఉన్నంతకాలము దీనిని చూచి నవ్వు హక్కు మనకు లేదు.

1941లో ముద్ర పెద్దదయ్యెను. అందు సూపర్‌మాన్ పేరు కూడ చేరెను. ఆ వీరుని పేరున్న పుస్తకము అమ్ముడుపోవునని ప్రచురణకర్తలకు నమ్మకము. కాని ఆ వీరుని సృష్టించినవారెవరు? జెరీ సీగెల్, జో షూస్టర్ అను క్లీవ్‌లాండు నగరపు యువకులు. ఒకరు కథ వ్రాసిరి, మరియొకరు బొమ్మ గీసిరి. 1938 మార్చిలో వారు ఆ పాత్రపై సర్వహక్కులను 130 డాలర్లకు వ్రాసియిచ్చిరి. 1947లో న్యాయస్థానమునకెక్కిరి గాని పాత్రపై హక్కు వారికి దక్కలేదు. పైగా కథలపైనుండి వారి పేర్లు కూడ తొలగింపబడినవి. ముద్రలో మానసపుత్రుని పేరుండెను. అచ్చులో తండ్రుల పేర్లు లేకుండెను. సూపర్‌మాన్ చలనచిత్రమునకు సన్నాహములు సాగుచున్న 1975లో నీల్ ఆడమ్స్, జెరీ రాబిన్‌సన్ మొదలగు చిత్రకారులు ఈ అన్యాయమును లోకమునకు వెల్లడించిరి. అంతట సంస్థాధిపతులు ఆ ఇద్దరికిని ఒక్కొక్కరికి ఏటేట 20,000 డాలర్లు ఇచ్చుటకును, వారి పేర్లను మరల అచ్చువేయుటకును అంగీకరించిరి.

ఇక ముద్ర అట్టకు ఎడమవైపు పై మూలననే ఎక్కువగా ఏల కనిపించెడిది? ఆ కాలమున ఈ పుస్తకములు వార్తాపత్రికల అంగళ్లలోను, మందుల దుకాణములలోను అమ్ముడుపోయెడివి. ఒకదానిపై నొకటి వాలియుండగా అట్టలో పైభాగమే కొనువారికి కనబడును. అందుచేత గుర్తును అచ్చట నిలుపుట వ్యాపార నీతి. 1954లో దానిచెంతకు మరియొక ముద్ర వచ్చి చేరెను. బొమ్మల కథలు పిల్లలను చెడగొట్టుచున్నవని అలజడి రేగి, అమెరికా సెనేటు విచారణ జరుపగా, ప్రచురణకర్తలు తమకు తామే కామిక్స్ కోడ్ అను నియమావళిని ఏర్పరచుకొనిరి. పరీక్షింపబడిన పుస్తకములపై దాని బిళ్ల వెలసెను. ఒక ముద్ర చేసినవారెవరో చెప్పును. రెండవది చూచి ఒప్పుకొన్నవారెవరో చెప్పును. డి.సి. వారు 2011 వరకు ఆ రెండవ ముద్రను విడువలేదు.

1966లో అట్టల పైభాగమున చదరంగపు గళ్లవలె నలుపు తెలుపుల పట్టీ వేసిరి. దుకాణములో దూరమునుండియే కనబడవలెనని ఉద్దేశము. అది మరుసటి సంవత్సరమే పోయెను. 1970లో వృత్తమును మాని దీర్ఘచతురస్రమును పట్టిరి. 1972లో మరల వృత్తము వచ్చెను. అందు దిట్టమైన పలకల అక్షరములు నిలిచెను. 1973 చివర నక్షత్రములు తోడయ్యెను.

1976లో జెనెట్ కాన్ అను యువతి ప్రచురణాధిపతిగా వచ్చి, మిల్టన్ గ్లేజర్ అను ప్రసిద్ధ చిత్రకారుని క్రొత్త ముద్ర వేయుమని కోరెను. ప్రేమకు బదులు హృదయపు బొమ్మను నిలిపి న్యూయార్కు రాష్ట్రమునకు గుర్తు కల్పించినది కూడ ఆయనయే. గ్లేజర్ పాత సామగ్రిని పారవేయలేదు. ఆ వృత్తము, ఆ దిట్టమైన అక్షరములు, ఆ నక్షత్రములు అట్లే యుంచెను. అక్షరములను కొంచెము వాలుగా నిలిపి, చుట్టును నాలుగు నక్షత్రముల వలయము కట్టెను. 1977 ఫిబ్రవరి సంచికలతో అది వెలువడెను. చవుక కాగితముపై సిరా ప్రాకును. సన్నని గీతలు అలుకుకొనిపోవును. ఈ ముద్రలోని గీతలు బలమైనవి. గోరంత చేసినను, రంగు మార్చినను చదువ వీలగును. అందుచేతనే అది ఇంచుమించు 28 సంవత్సరములు నిలిచినది.

2005లో చలనచిత్రములకును, టెలివిజనుకును తగునట్లు చుట్టు తిరుగుచున్న నక్షత్రముగల ముద్రను చేసిరి. 2012లో డి అక్షరము కాగితపు పుటవలె తిరుగబడి క్రింద సి కనబడు ముద్ర వచ్చెను. వీరుల రహస్య రూపమును అది సూచించుననిరి. 2016లో పెంటగ్రామ్ సంస్థవారు సాదా వృత్తమును గీచియిచ్చిరి. 2024 జూలైలో శాన్ డియేగో నగరపు సభలో గ్లేజర్ ముద్రనే మరల తెచ్చుచున్నామని ప్రకటించిరి. అక్టోబరునుండి అది అట్టలపైకి తిరిగివచ్చెను. 2020లో కన్నుమూసిన గ్లేజర్ దానిని చూడలేదు.

దీనినుండి మనకు తెలియునదేమి? ముద్రకు బలము గీతలోనే లేదు, చూచినవారి జ్ఞాపకములోనున్నది. తరములు గుర్తుపట్టిన దానిని మార్చుట సులభము. ఆ గుర్తింపును మరల సంపాదించుట కష్టము. అయితే ముద్ర ఇంటిని మాత్రమే చూపును, ఇంట పాటుపడినవారిని చూపదు. కాబట్టి ఇకమీద పిల్లలకు బొమ్మల పుస్తకము కొనునపుడు మూలనున్న గుర్తును చూడుడు. పిదప పుట తిప్పి, వ్రాసినవారి పేరును, గీసినవారి పేరును పిల్లలచేత చదివింపుడు.