బోరు గోడపై అల... అది పగులేనా?

చమురు కంపెనీ ఇంటర్వ్యూ. తెరపై ఇమేజ్ లాగ్ పెట్టి ‘ఇందులో ఏం కనిపిస్తోంది?’ అని అడిగారనుకోండి. నల్లగా ఉన్న ప్రతి గీతనూ పగులే అనేశారా... దొరికిపోయినట్టే!

ఇది కెమెరా తీసిన ఫొటో కాదు. పరికరానికున్న ప్యాడ్లు బోరు గోడను ఆనుకుని పైకి వస్తూ కరెంటు పంపుతాయి. కరెంటు బాగా పారే చోట నలుపు, పారని చోట తెలుపు. గుండ్రటి గోడను డబ్బా లేబుల్‌లా నిలువుగా చీల్చి పరిస్తే వచ్చే బొమ్మ ఇది. అందులో ఏటవాలు పొర అలలా కనిపిస్తుంది. నమ్మకం కుదరకపోతే వెదురు బొంగును ఏటవాలుగా కోసి, చుట్టూ కాగితం చుట్టి, అంచు వెంట కత్తిరించి విప్పి చూడండి. నిలువు బోరులో అల ఎత్తును బోరు వ్యాసంతో భాగిస్తే వాలు కోణపు టాంజెంట్ వస్తుంది. 8.5 అంగుళాల బోరులో అల ఎత్తు కూడా 8.5 అంగుళాలైతే వాలు 45 డిగ్రీలు. అల ఏ దిక్కున అట్టడుగుకు దిగితే పొర అటే వాలింది. ఇంటర్ లెక్కలే!

చిక్కంతా నాయిస్‌తోనే. పరికరం బోరులో ఇరుక్కుని ఒక్కసారిగా జారితే బొమ్మ సాగుతుంది, నలుగుతుంది. అందుకే ముందు వేగం సవరణ, తర్వాతే గీతలు. ఏదైనా ప్యాడ్ గోడను వదిలేస్తే ఆ పట్టీ మసకబారుతుంది. అసలైన పొరైతే పక్క ప్యాడ్లలో అదే అల దారిలో మళ్లీ కనిపించాలి. ఇక రంగు మోసం సరేసరి. నీటి మడ్ నిండిన పగులూ నలుపే, బంకమట్టి నిండినదీ నలుపే. కాల్సైట్‌తో మూసుకుపోతే తెలుపు.

డ్రిల్లింగ్ వల్ల పడ్డ చీలికలు మరో ఉచ్చు. నిలువు బోరులో ఇవి సాధారణంగా ఎదురెదురుగా, 180 డిగ్రీల ఎడంతో రెండు నిలువు గీతల్లా ఉంటాయి. పూర్తి అల చుట్టవు. వీటిని సహజ పగుళ్లుగా లెక్కేసి పరీక్షలు చేయిస్తే డబ్బు బోరులో పోసినట్టే. అలాగని పారేయకూడదు. భూమి లోపల ఒత్తిడి ఏ దిక్కున ఎక్కువో చెప్పేవి ఇవే. 1967లో 6.3 తీవ్రతతో భూకంపం వచ్చిన మహారాష్ట్రలోని కొయనాలో 3 కిలోమీటర్ల పైలట్ బోరు తవ్వారు. మన హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలూ అందులో భాగస్వాములే. అలాంటి చోట ఒత్తిడి దిక్కు తెలియడం చమురు కంటే పెద్ద విషయం.

జియోఫిజిక్స్ పీజీ ఆంధ్రా, ఉస్మానియా వర్సిటీల్లో ఉంది. గేట్ జియాలజీ-జియోఫిజిక్స్ పేపర్‌లో వెల్ లాగింగ్ వస్తుంది. సాఫ్ట్‌వేర్ తనంతట తానే అలలు గీసేస్తుంది, దాన్ని గుడ్డిగా నమ్మకండి. ప్రాక్టీసులో ప్రతి అల పక్కన ‘కచ్చితం’ లేదా ‘అనుమానం’ అని రాసుకోండి. కోర్ దొరికితే దానితో పోల్చి, ఎన్ని అనుమానాలు నిజమయ్యాయో లెక్కపెట్టండి.