నారుమడి ఒకటి.. నాట్లు ఇరవై
పల్లె బడి కంప్యూటర్లకు ఒకే తీగమీద లినక్స్

శ్రీకాకుళం: పాత కంప్యూటర్లకు గోనెపట్టా కప్పి మూలగదిలోకి నెట్టే ముందు ఒకసారి ఆలోచించవలసిన రోజులు వచ్చాయి. విండోస్ 10కు మామూలు మద్దతును మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో నిలిపివేసింది. ఆ తరువాతిదైన విండోస్ 11 ఎక్కాలంటే యంత్రంలో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ప్రాసెసరు కూడా కొత్త తరానిదై ఉండాలి. పదేళ్ల కిందట కొన్న యంత్రాలు ఈ పరీక్షలో నెగ్గవు. తెర వెలుగుతోంది, కీబోర్డు పలుకుతోంది, డిస్కు తిరుగుతోంది. అయినా కొత్తది కొనమంటున్నారు. ఇరవై యంత్రాలున్న పల్లె బడికి మళ్లీ ఇరవై ఎవరు కొనిపెడతారు? ఈలోగా కంప్యూటరు ముట్టుకోకుండానే పదో తరగతి దాటిపోయే పిల్లల సంగతేమిటి?

దీనికి ఖర్చు లేని దారి లినక్స్. ఫిన్లాండులోని హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ అనే కుర్రాడు 1991లో దీని గుండెకాయ వంటి కెర్నెల్‌ను రాశాడు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ పథకపు సరంజామా దానికి తోడైంది. ఇయాన్ మర్డాక్ 1993లో మొదలుపెట్టిన డెబియన్ ఈ రెంటినీ కలిపి జనానికి పంచిపెడుతోంది. లైసెన్సు సొమ్ము లేదు. ఎన్ని యంత్రాలకైనా ఎక్కించుకోవచ్చు, పక్క ఊరికీ ఇవ్వవచ్చు. తెలుగునాట స్వేచ్ఛ అనే సంస్థ కార్యకర్తలు డెబియన్ ఆధారంగానే తెలుగు మెనూలతో ఒక ఆపరేటింగ్ సిస్టంను తయారుచేశారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ వారి బాస్ కూడా ఆ చెట్టు కొమ్మే. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్ల తరబడి లినక్స్ మీదే పాఠాలు నేర్చుకుంటున్నారు.

ఇంతవరకు బాగానే ఉంది. ఎక్కించడం దగ్గరే చిక్కు. పెన్‌డ్రైవ్ పట్టుకుని ఒక్కొక్క యంత్రం దగ్గరా కూర్చుంటే రెండు రోజుల పని. పైగా ఒక్కో యంత్రమూ సుమారు ఒకటిన్నర గిగాబైట్ల సరుకును ఇంటర్నెట్ నుంచి దించుకుంటుందనుకుంటే ఇరవైకి కలిపి 30 గిగాబైట్లు. సెకనుకు 20 మెగాబిట్ల లైను మీద అది మూడు గంటల పైమాటే. మన జిల్లాల్లో ఆ లైను నమ్మకం ఎంతటిదో 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ చూపించాయి. కరెంటూ ఫోనూ రోజుల తరబడి లేవు.

తీగే పెన్‌డ్రైవ్

వరి రైతుకు తెలిసిన పద్ధతే ఇక్కడా ఉంది. నారుమడి ఒకచోట పోస్తారు, అక్కణ్ణుంచి మడులన్నిటికీ నాట్లు వేస్తారు. గదిలో ఉన్న యంత్రాల్లో కాస్త మంచిదాన్ని ఒకదాన్ని నారుమడిగా ఎంచుకోవాలి. దీన్నే సర్వరు అంటారు. మిగిలిన వాటిని స్విచ్ అనే పెట్టె ద్వారా నెట్‌వర్క్ తీగలతో దానికి కలపాలి. ఒక్కో తీగ వంద మీటర్లకు మించకూడదు. వైఫైతో ఈ పని సాధారణంగా కాదు. తీగే కావాలి.

కొత్తగా మేల్కొన్న యంత్రానికి డిస్కులో ఏమీ లేకపోయినా, దాని నెట్‌వర్క్ కార్డులో చిన్న తెలివి ఉంటుంది. 1990ల చివర ఇంటెల్ సంస్థ రూపొందించిన ఈ ఏర్పాటును పీఎక్స్ఈ అంటారు. ఆ యంత్రం ‘నేనెవరిని, నా చిరునామా ఏది’ అని తీగమీద కేక వేస్తుంది. సర్వరులోని డీహెచ్‌సీపీ వ్యవస్థ దానికి ఒక చిరునామా ఇచ్చి, ఫలానా ఫైలు తెచ్చుకో అని చెబుతుంది. ఆ ఫైలును, తరువాత లినక్స్ కెర్నెల్‌ను టీఎఫ్‌టీపీ అనే పద్ధతిలో లాక్కుంటుంది. ఇది 1981 నాటి పాత పద్ధతి. మామూలుగా 512 బైట్ల ముక్క పంపి, అందిందన్న కబురు వచ్చాకే తరువాతి ముక్క పంపుతుంది. నిదానమే గాని, మోసేది కొన్ని పదుల మెగాబైట్లే కనుక సరిపోతుంది. అక్కణ్ణుంచి ఇన్‌స్టాలర్ లేచి, అసలు బరువును వెబ్ పేజీలు వచ్చే దారిలోనే తెచ్చుకుంటుంది. చిరునామాలివ్వడం, ఫైళ్లు పంపడం రెండూ డీఎన్ఎస్‌మాస్క్ అనే చిన్న ప్రోగ్రాము ఒక్కటే చేసిపెడుతుంది.

బయటి నుంచి వచ్చే సరుకును దాచుకునే ఆప్ట్-కాషర్-ఎన్‌జీ అనే మరో ప్రోగ్రామును సర్వరులో పెట్టాలి. మొదటి యంత్రాన్ని ఒక్కదాన్నే పూర్తిగా ముగించాలి. దానికోసం వచ్చిన ప్యాకేజీలు సర్వరులో నిలిచిపోతాయి. మిగిలిన పంతొమ్మిదీ గదిలోనే తీసుకుంటాయి, బయటి లైనును దాదాపు ముట్టుకోవు. బొత్తిగా ఇంటర్నెట్ లేని ఏజెన్సీ ఊళ్లకు ప్యాకేజీల నిల్వనంతా పట్టణంలో పోర్టబుల్ డిస్కు మీదికి ఎక్కించుకుని తీసుకుపోవచ్చు. డిస్కు మాత్రం పెద్దది కావాలి.

ఇక్కడ కాలువ లెక్క గుర్తుంచుకోవాలి. గొట్టా బ్యారేజీలో నీళ్లెన్ని ఉన్నా, తూములన్నీ ఒకేసారి లేపితే వంశధార శివారు భూములకు అందవు. సర్వరు నుంచి స్విచ్‌కు పోయేది ఒకే తీగ. పాత రకం 100 మెగాబిట్ల స్విచ్‌లో అది సెకనుకు సుమారు 12 మెగాబైట్లు మోస్తుంది. 30 గిగాబైట్లకు ముప్పావు గంట. అందరినీ ఒక్కసారి లేపితే కొన్ని యంత్రాలు వేచిచూసి విసిగి మధ్యలో ఆగిపోవచ్చు. అయిదేసి చొప్పున వంతులు వేసుకోవడం మేలు. గిగాబిట్ స్విచ్, అందుకు తగిన కార్డులు ఉంటే ఈ బాధ ఉండదు.

రూపాయల బిళ్ల చేసే అల్లరి

పాత యంత్రాల దగ్గర ఎక్కువ కాలం తినేది లినక్స్ కాదు, లోపల ఉండే బిళ్ల బ్యాటరీ. సీఆర్ 2032 అనే ఈ బిళ్ల గడియారాల కొట్లో దొరుకుతుంది. అది చచ్చిపోతే యంత్రం తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. ప్యాకేజీల జాబితా మీద ఉన్న తేదీ ఇంకా రాలేదని అనుకుని ఇన్‌స్టాలర్ మొరాయిస్తుంది. తీగలు పీకి, స్విచ్ మార్చి, సర్వరును తిట్టి సాయంత్రం చేసేవారు ముందు బిళ్ల చూసుకోవాలి.

రెండోది వయసు. 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ల పీసీలకు ఇన్‌స్టాలర్ లేదు. అలాంటి ముసలి యంత్రాలకు డెబియన్ 12 ఎక్కించుకోవాలి. కోర్ 2 డ్యూయో, ఆ తరువాతివి 64 బిట్లవే కనుక కొత్తదే ఎక్కుతుంది. మెమరీ రెండు గిగాబైట్లుంటే, ఎక్స్ఎఫ్‌సీఈ వంటి తేలిక డెస్క్‌టాప్ ఎంచుకుంటే పిల్లల పనికి చాలు.

మూడోది రౌటరు. ఇంటర్నెట్ రౌటరు కూడా చిరునామాలు పంచుతూనే ఉంటుంది. ఒకే గదిలో ఇద్దరు కరణాలు పట్టాలిస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. ఎవరో ఒకరే పంచాలి. లేదా డీఎన్ఎస్‌మాస్క్‌ను ప్రాక్సీ పద్ధతిలో ఉంచితే చిరునామా రౌటరే ఇస్తుంది, ఫైలు దారి మాత్రం సర్వరు చెబుతుంది.

మార్కుల జాబితా జాగ్రత్త

అసలు భయపడవలసింది వేరే ఉంది. ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నలకు జవాబులన్నీ ముందే ఒక ఫైలులో రాసి పెట్టవచ్చు. ప్రీసీడ్ అని దానికి పేరు. ముందే చల్లిన విత్తు అన్నమాట. భాష, పాస్‌వర్డు, డిస్కు విభజన అన్నీ అడగకుండానే సాగిపోతాయి. సౌకర్యంగానే ఉంటుంది. కాని అదే స్విచ్‌కు ఆఫీసు గది కంప్యూటరు కూడా కలిసి ఉండి, దాని బిళ్ల చచ్చి, పొద్దున్నే మీట నొక్కగానే డిస్కును వదిలి తీగవైపు తిరిగితే? హాజరు పట్టీలు, మార్కుల జాబితాలు ఉన్న డిస్కు ఎవరినీ అడగకుండా చెరిగిపోతుంది. అందుకని ఆఫీసు యంత్రం తీగను ముందే పీకివేయాలి. డిస్కు చెరిపే ప్రశ్న ఒక్కటి మాత్రం మనిషి జవాబు కోసం ఆగేలా వదిలిపెట్టాలి. మెనూలో ఎవరూ ఏమీ నొక్కకపోతే సొంత డిస్కు నుంచే లేచేలా ఉంచాలి. పని ముగిసిన సాయంత్రమే సర్వరులో ఆ సేవను ఆపివేయాలి. మధ్యలో కరెంటు పోతే ఆ యంత్రానికి మొదటినుంచి చేయవలసిందే కనుక కనీసం సర్వరుకు, స్విచ్‌కు యూపీఎస్ ఉండాలి.

డెబియన్ ఇన్‌స్టాలర్ తెలుగులోనూ మాట్లాడుతుంది. అయితే బొమ్మల పద్ధతిలో నడిపితేనే. ఒట్టి అక్షరాల తెర ఎంచుకుంటే జాబితాలో తెలుగు కనబడదు. తెలుగు టైపు చేయడానికి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వెంటనే వస్తుంది.

అందరికీ ఇది పనికివస్తుందని కూడా చెప్పలేం. అను ఫాంట్లతో పెళ్లిపత్రికలు, కరపత్రాలు కొట్టే డీటీపీ కేంద్రాలకు విండోస్ యంత్రం ఒకటి ఉంచుకోక తప్పదు. ఆ పాత ఫైళ్లు యూనికోడ్‌లోకి మార్చితేగాని ఇక్కడ అక్షరాలుగా కనబడవు. కొన్ని వేలిముద్ర యంత్రాలకు, ప్రింటర్లకు లినక్స్ డ్రైవర్లు దొరకవు. బడి గదిలోని ఇరవైలో పంతొమ్మిదింటికి ఆ అవసరం రాదు. ప్రింటరు కలిపిన ఆ ఒక్కదాన్ని మాత్రం, మిగతావన్నీ ముగిశాక, లైవ్ పెన్‌డ్రైవ్‌తో నడిపి ఒక కాగితం అచ్చు తీసి చూసుకున్నాకే మార్చాలి.