మీకు తెలుసా? అమెరికా పింఛనుతో అమరావతిలో ఉండాలంటే...

ఖర్చు తక్కువని అమెరికన్లు రిటైరయ్యాక వేరే దేశాలకు వెళ్తుంటారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల నుంచి వెళ్లి అక్కడి పౌరులైన మనవాళ్లకు ఆ వేరే దేశం సొంత ఊరే. కానీ చట్టం లెక్కలో వాళ్లిక్కడ విదేశీయులు.

• యాభై దాటినవాళ్లకు థాయ్‌లాండ్ రిటైర్మెంట్ వీసా ఇస్తుంది, బ్యాంకులో 8 లక్షల బాత్ చూపిస్తే చాలు. మన దేశంలో అలాంటి వీసా లేదు. మనవాళ్లకు ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా (ఓసీఐ) కార్డు ఉంటే ఎన్నాళ్లయినా ఉండొచ్చు. ఓటు మాత్రం ఉండదు.

• ఓసీఐ కార్డుతో మిరప చేను కాదు కదా, ఏ వ్యవసాయ భూమీ కొనలేరు! విదేశాల్లో ఉంటున్న భారత పౌరులకూ ఇదే నియమం. ఇల్లు, ఫ్లాటు, దుకాణం కొనుక్కోవచ్చు. చాలా కుటుంబాలు పొరబడేది ఇంకోచోట. నాన్న బతికుండగానే పత్తి చేను విదేశాల్లో ఉన్న కొడుక్కి గిఫ్టు డీడు రాసినా కుదరదు. వారసత్వంగానో, వీలునామా ద్వారానో వస్తే ఉంచుకోవచ్చు. తర్వాత అమ్మాలన్నా ఇక్కడుండే భారత పౌరుడికే అమ్మాలి. అమరావతి రాజధాని భూసమీకరణలో పొలానికి బదులు రైతులకిచ్చినవి నివాస, వాణిజ్య ప్లాట్లు కాబట్టి అవి వ్యవసాయ భూమి కిందికి రావు.

• అమెరికా సోషల్ సెక్యూరిటీ పింఛను గుంటూరులో ఉన్నా అందుతుంది, 40 క్రెడిట్లు ఉంటే. అంటే సుమారు పదేళ్ల ఉద్యోగం. ఏడేళ్లు చేసి తిరిగొచ్చినవాళ్లు కట్టిన సొమ్ముకు పింఛను రాదు. రెండు దేశాల్లో చేసిన సర్వీసును కలిపి లెక్కించేలా జర్మనీ, కెనడా, ఆస్ట్రేలియాలతో మనకున్న సామాజిక భద్రతా ఒప్పందం అమెరికాతో లేదు. ఇది మన ఉద్యోగులకు జరుగుతున్న అన్యాయమే.

• బ్రిటన్ ప్రభుత్వ పింఛను తీసుకుంటూ ఇక్కడ స్థిరపడితే, అది ఏటా పెరగదు. మొదలైన మొత్తమే చివరిదాకా.

• చాలా ఏళ్ల తర్వాత తిరిగొచ్చినవాళ్లకు మొదటి రెండు మూడేళ్లు విదేశీ ఆదాయంపై ఇక్కడ సాధారణంగా పన్ను పడదు.

• మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది గానీ, అమెరికా మెడికేర్ ఇక్కడ చెల్లదు. డెబ్బై దాటినవారికి ఆయుష్మాన్ భారత్ ఇచ్చే 5 లక్షల రూపాయల వైద్యం భారత పౌరులకే. ప్రైవేటు బీమాలో పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు.

అందుకే తిరిగి రావాలనుకునేవారు బీమా సంగతి ముందే తేల్చుకోండి. పిల్లలు విదేశాల్లో ఉన్న రైతులు పొలానికి వీలునామా ఇప్పుడే రాసి పెట్టండి.